పాండిచ్చేరిలో పాత ఫ్రెంచి ఇంటి హోటల్లో దిగాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాండిచ్చేరి నుంచి వచ్చాక మా ఫొటోలు చూసిన ప్రతివాళ్లూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాం, నాలుగు వేర్వేరు ఇళ్లలో దిగాం, ఒకసారి తప్పు గది తీసుకుని రాత్రంతా నిద్ర లేకుండా గడిపాం. అందుకని తెలిసిందంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఊరి పేరు 2006 నుంచి పుదుచ్చేరి అయింది కానీ మన నోట్లో నలిగింది పాండిచ్చేరే, కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

బొటీక్ హోటల్ అంటే ఏంటి? మామూలు హోటల్‌తో పోలిస్తే అంత రేటు ఎందుకు?

చిన్న హోటల్ అన్నమాట. పది పదిహేను గదులు, మహా అయితే పాతిక. ఒక గదిలా ఇంకో గది ఉండదు. పాండిచ్చేరిలో అయితే చాలావరకు అది ఒకప్పుడు ఎవరో కాపురమున్న ఇల్లే, బాగుచేయించి హోటల్‌గా మార్చారు.

వీధిలోంచి చూస్తే ఏమీ తెలియదు. పసుపు రంగో తెల్ల సున్నమో వేసిన ఎత్తైన గోడ, మధ్యలో కమాను కింద పెద్ద చెక్క గేటు, అంతే. గేటు దాటి లోపల అడుగుపెట్టగానే వీధిలో బండ్ల చప్పుడు సగానికి సగం తగ్గిపోతుంది. ముంగిట్లో చెట్లు, గోడ వెంట కాగితంపూల తీగ, ఎదురుగా గుండ్రటి స్తంభాల వరండా, దాని వెనక బాగా ఎత్తు కప్పున్న గదులు. మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూడండి. టేకు దూలాలు వరసగా కనిపిస్తాయి, వాటి మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మిద్దె ఉంటుంది. దాన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. ఫ్రెంచి వాళ్ల ఇల్లే, కానీ కట్టినవాళ్లు, కట్టిన పద్ధతి ఇక్కడివే. కరెంటు లేని రోజుల్లో ఇల్లు చల్లగా ఉండాలనే ఆ ఎత్తు కప్పు, ఆ మందం గోడలు, కిటికీలకు గాలి వచ్చేలా చెక్క రెక్కల తలుపులు పెట్టుకున్నారు. మొదటిసారి దిగిన ఇంట్లో చెక్క మెట్లు సరిగ్గా మధ్యలో, కాలు పడే చోట, గిన్నెలా గుంట పడి ఉన్నాయి. ఎన్ని తరాలు ఎక్కి దిగితే టేకు అలా అరుగుతుందో అని ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను.

రేటంతా అలాంటి ఇంట్లో గడపడానికే. పొద్దున్నే వెళ్లిపోయి రాత్రి పడుకోవడానికి మాత్రమే వచ్చే ప్రయాణమైతే బస్టాండు దగ్గర శుభ్రమైన లాడ్జి తీసుకోండి, బోలెడు డబ్బు మిగులుతుంది. ఈ ఇళ్లలో దిగితే మాత్రం మధ్యాహ్నమంతా వరండాలో కూర్చునేలా టైమ్ పెట్టుకోండి.

ఈ ఇళ్లు నిజంగా అంత పాతవేనా?

నిజంగానే పాతవి, కానీ ఫ్రెంచి వాళ్లు వచ్చిన కొత్తలోవి కావు. ఫ్రాన్స్వా మార్టిన్ ఇక్కడ స్థావరం వేసింది 1674లో. మధ్యలో కొన్నేళ్లు డచ్చివాళ్ల చేతికి వెళ్లి మళ్లీ వచ్చింది. 1761లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని కోటనీ ఊరినీ నేలమట్టం చేశారు. ఊరు తిరిగి ఫ్రెంచివాళ్ల చేతికొచ్చాక మళ్లీ కట్టుకున్నారు, కాబట్టి ఇప్పుడు మనం చూసే ఇళ్లలో ఎక్కువ భాగం ఆ తర్వాతివే. 1954 నవంబరు 1న పాలన మన దేశానికి వచ్చింది, చట్టప్రకారం అప్పగింత పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. బొబ్బిలి యుద్ధం చదివినవాళ్లకు ఫ్రెంచి సేనాని బుస్సీ పేరు తెలుసు కదా, 1757లో విజయరామరాజు పక్కన ఫిరంగులతో వచ్చినవాడు. ఆయన పేరు మీద ఇక్కడ ఒక పెద్ద వీధి ఉంది. ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి వీధి అని మార్చారు కానీ జనం ఇంకా బుస్సీ వీధి అనే అంటారు, మంచి హోటళ్లు కూడా ఆ వీధిలో ఉన్నాయి. మొదటిసారి ఆ బోర్డు చదివినప్పుడు నాకు గుండె కలుక్కుమంది. అలాగే ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా, అంటే దుబాషీగా ఉండి ఏళ్ల తరబడి డైరీ రాసిన ఆనందరంగ పిళ్లై ఇల్లు మార్కెట్ దగ్గర ఇప్పటికీ ఉంది. మన తెలుగు ఛందస్సు గ్రంథం ఒకటి ఆయనకే అంకితమిచ్చారు. పరాయి ఊరు అనుకుని వెళ్తాం కానీ అంత పరాయిదేం కాదు.

వైట్ టౌన్‌లో దిగితే మంచిదా, తమిళ వీధుల్లోనా?

మధ్యలో ఒక కాలువ ఉంటుంది. దానికి తూర్పున సముద్రం వైపు ఫ్రెంచి వీధులు, పడమటి వైపు తమిళ వీధులు. అప్పట్లో తెల్లవాళ్ల పట్టణం, నల్లవాళ్ల పట్టణం అని విడదీసిన గీత అదే. ఇప్పటికీ వైట్ టౌన్ అనే పేరు వాడుకలో ఉండటం నాకు నచ్చదు కానీ ఆటోవాళ్లకు అలా చెప్తేనే తెలుస్తుంది.

సముద్రానికి నడిచి వెళ్లాలి, సాయంత్రం ప్రశాంతంగా తిరగాలి అంటే ద్యూమా వీధి, సుఫ్రెన్ వీధి, రోమాఁ రోలాఁ వీధి చుట్టుపక్కల చూడండి. రేటు ఎక్కువ.

నన్ను అడిగితే ఒక్క రాత్రయినా తమిళ వీధుల్లోని ఇంట్లో ఉండమంటాను. వీధి వైపు తిన్నె, అంటే మన అరుగే, దాని మీదకు వాలిన పెంకుల పంచ, లోపల ఆకాశం కనిపించే మండువా. మా తాతగారి ఇంట్లో మండువా చూరు నుంచి వాన ధార కింద పెట్టిన గంగాళంలో పడేది. సరిగ్గా ఆ చప్పుడే అక్కడ రాత్రి విన్నాను. కొన్ని ఇళ్లలో కింది అంతస్తు తమిళ పద్ధతిలో, పై అంతస్తు ఫ్రెంచి పద్ధతిలో ఉంటుంది, అలాంటి కలగలుపు ఇళ్లు చూడటమే ఒక ముచ్చట. వైసియాళ్ వీధిలో ఒక వరస ఇళ్లను పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ పాత రూపానికి తెచ్చింది, దానికి 2008లో యునెస్కో గుర్తింపు కూడా దక్కింది. అక్కడ దిగకపోయినా పొద్దున్నే ఒకసారి నడవండి.

బుక్ చేసేటప్పుడు ఏ గది అడగాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడే మేము దెబ్బతిన్నాం. వెబ్‌సైటులో అందమైన వరండా గది ఫొటో చూసి "హెరిటేజ్ రూమ్" అని ఉన్నది బుక్ చేశాం. వెళ్తే ఇచ్చింది వెనక కొత్తగా కట్టిన భాగంలో ఒక గది. ఉన్న ఒక్క కిటికీ వంటగది వైపు, దాని కింద జనరేటరు. రాత్రి పన్నెండు దాకా గిన్నెలు తోమే చప్పుడు, తెల్లవారుజామున ఐదింటికి మళ్లీ మొదలు. అడిగితే, పేరు అదే సార్, గదులు వేరే వేరే అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, మేమే అడగలేదు. కానీ ముందే చెప్పి ఉండాల్సింది, ఆ కోపం ఇంకా ఉంది.

అప్పటి నుంచి డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి ఇవి అడుగుతున్నాను. గది పాత ఇంట్లోదా, కొత్తగా కట్టిన భాగంలోదా? ఏ అంతస్తు? కిటికీ ఎటు తెరుచుకుంటుంది, వీధికా, ముంగిలికా, పక్కింటి గోడకా? హోటల్లోనే రెస్టారెంటు లేదా బార్ ఉంటే అది గదికి ఎంత దూరం, పాటలు ఎన్నింటి దాకా పెడతారు? ముంగిట్లో రెస్టారెంటు ఉన్న హోటళ్లు ఇక్కడ చాలా ఎక్కువ, భోజనానికి ఎంతో బాగుంటాయి, కానీ ముంగిలి పక్క గదిలో పడుకునేవాళ్లకు పదకొండు దాటాకే నిద్ర. చివరగా, ఆ గది ఫొటోనే వాట్సాప్‌లో పంపమనండి. మంచి హోటలువాళ్లు విసుక్కోకుండా పంపుతారు. పంపకపోతే ఇంకోటి చూసుకోండి.

పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా? లిఫ్ట్ ఉంటుందా?

చాలా ఇళ్లలో ఉండదు. పాత మెట్లు, కొన్నిచోట్ల నిటారుగా, పట్టుకోవడానికి ఒక పక్కనే కమ్మీ. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, పై గది ఇచ్చారని తెలియగానే నాకు టెన్షన్ పట్టుకుంది. మేనేజరు అత్తయ్య నడక చూసి, మేం అడగకముందే, కింద ముంగిలి పక్క గది ఖాళీ చేయించి ఇచ్చాడు. మరునాడు పొద్దున అత్తయ్య వరండాలో కూర్చుని మాలితో మాట్లాడుతున్నారు. ఈవిడ తెలుగులో, అతను తమిళంలో, ఇద్దరి మధ్యా ఒక గన్నేరు మొక్క. చిన్న హోటల్లో ఉన్న లాభం ఇదే, మనిషిని చూస్తారు. అయినా అదృష్టం మీద వదిలేయకండి, కింది అంతస్తు గది కావాలని, బాత్‌రూములో మెట్టు ఉండకూడదని ముందే చెప్పండి. పాత ఇళ్లలో బాత్‌రూములు తర్వాత కట్టినవి కాబట్టి గదికీ దానికీ మధ్య ఎత్తు తేడా ఉంటుంది, రాత్రిపూట తట్టుకుంటారు.

చిన్న పిల్లలుంటే?

కొన్ని హోటళ్లు చిన్నపిల్లలను తీసుకోవు, అడిగి బుక్ చేయండి. తీసుకునేచోట కూడా ముంగిట్లో నీళ్ల తొట్టి, కంచె లేని ఈత కొలను, తక్కువ ఎత్తు పిట్టగోడలు ఉంటాయి. ఒక కన్ను వేసే ఉండాలి.

ఖర్చు ఎంతవుతుంది?

నేను చూసినంతలో మామూలు రోజుల్లో రాత్రికి ఐదారు వేల నుంచి మొదలై పదిహేను వేలు దాటిపోయేవీ ఉన్నాయి. శుక్ర, శనివారాలు చెన్నై, బెంగళూరు జనం వచ్చి పడతారు, అదే గది రేటు అమాంతం పెరుగుతుంది. కుదిరితే ఆదివారం సాయంత్రం దిగి బుధవారం ఖాళీ చేసేలా చూసుకోండి, రేటూ తక్కువ, వీధులూ ఖాళీ.

పన్ను సంగతి చాలామంది చూసుకోరు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, ఆ పైన మొత్తం మీద 18 శాతం. అంటే 7,400 గదికి కట్టేది 7,770, అదే 7,800 గదికి కట్టేది 9,204. రేటులో నాలుగు వందలే తేడా, బిల్లులో పద్నాలుగు వందల పైన. ఆ గీత దగ్గర ఉన్న గది అయితే ఫోన్ చేసి కొంచెం తగ్గించమని అడగండి, మాకు ఒకసారి తగ్గించారు.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

జనవరి, ఫిబ్రవరి. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాను పడితే రెండు రోజులు గదిలోనే. వరండా ఉన్న ఇంట్లో వాన చూడటం ఇష్టమైతే అదీ బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత, మన కోస్తా లాగే. డిసెంబరు 31కి మాత్రం వద్దు, అంత రేటు పెట్టి అంత రద్దీలో ఆ ఊరిని చూడకూడదు. ఆగస్టు 15 అరవిందుల పుట్టినరోజు కూడా, ఆశ్రమానికి వచ్చేవాళ్లతో గదులు దొరకవు.

మన వైపు నుంచి ఎలా వెళ్లాలి?

కాచిగూడ నుంచి, కాకినాడ పోర్టు నుంచి పుదుచ్చేరి దాకా నేరుగా రైళ్లున్నాయి, కాకినాడ నుంచి వచ్చేది సర్కార్ ఎక్స్‌ప్రెస్. లేదంటే చెన్నై దాకా వచ్చి అక్కడి నుంచి సముద్రం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద బస్సో కారో. సుమారు 150 కిలోమీటర్లు, మూడు గంటల పైన. దారిలో మహాబలిపురం తగులుతుంది. రైలు పొద్దున్నే దిగితే చెక్-ఇన్ సమస్య వస్తుంది, చాలాచోట్ల మధ్యాహ్నం రెండు తర్వాతే గది ఇస్తారు. సామాను పెట్టుకోనిస్తారు, ఆ కాసేపు సముద్రం ఒడ్డున నడిచి రండి.

సొంత కారులో వస్తే పార్కింగ్?

హోటల్లో ఉండదనే అనుకోండి. ఇరుకు వీధులు, దొరికినచోట పెట్టుకోవాలి. పెట్టాక ఊరు వదిలే దాకా తీయక్కర్లేదు, వైట్ టౌన్ మొత్తం కాలినడకన అయిపోతుంది. సైకిళ్లు అద్దెకిస్తారు.

గదిలోంచి సముద్రం కనిపిస్తుందా? స్నానాలు చేయొచ్చా?

సముద్రం ఎదురుగా ఉన్న రోడ్డు మీది కొన్ని హోటళ్లకు తప్ప కనిపించదు. ఈ ఇళ్లు లోపలి వీధుల్లో ఉంటాయి, పైగా అన్నీ లోపలికి తిరిగి ఉన్న ఇళ్లు. కానీ ఐదు నిమిషాల్లో ఒడ్డుకు చేరతారు. అక్కడ ఉన్నది ఎక్కువగా నల్లటి బండరాళ్ల కట్ట, గాంధీ విగ్రహం దగ్గర కొంత మేర ఇసుక ఉంది. దయచేసి నీళ్లలో దిగకండి. లోపలికి లాగే సముద్రం అది, రాళ్ల మీద పాచి, జారితే అంతే.

చూడటానికి మాత్రం అంత మంచి ఒడ్డు తక్కువ. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా ఆ రోడ్డు మీద బండ్లు తిరగనివ్వరు. ఐదున్నరకు లేచి వెళ్తే 1836 నాటి పాత దీపస్తంభం చుట్టుపక్కల నడిచేవాళ్లు, యోగా చేసేవాళ్లు, రాళ్ల మీద కూర్చుని సూర్యుడి కోసం చూసేవాళ్లు. మనకు తూర్పు తీరం కదా, సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. హోటల్లో కాఫీ ఏడింటికి గానీ ఇవ్వరు, ఒడ్డునే తాగి రండి.

తిండి మనకు పడుతుందా?

పడుతుంది. చాలా హోటళ్లలో గది రేటులోనే టిఫిను ఉంటుంది. క్రొసాఁ (నెలవంక ఆకారంలో ఉండే ఫ్రెంచి రొట్టె), పొడుగాటి బగెట్ రొట్టె, గుడ్లతో పాటు ఇడ్లీ, పొంగల్ కూడా పెడతారు. క్రొసాఁ వేడిగా వస్తే తినండి, చల్లారింది వద్దు. తినేటప్పుడు పొరలు పొరలుగా రాలి ఒళ్లంతా పడాలి, అప్పుడే అది తాజాది. ఇక్కడి క్రియోల్ వంట ఒకటి రుచి చూడాల్సిందే, ఫ్రెంచి పద్ధతికి మన మసాలా, కొబ్బరిపాలు కలిసినట్టుంటుంది, కారం తక్కువ. శాకాహారులు ముందే చెప్పండి, సూపుల్లో మాంసం నీళ్లు వాడే అలవాటు ఉంది. మూడో రోజుకు అన్నం, పప్పు, పెరుగు మీద మనసు పోతే కాలువ దాటి నెహ్రూ వీధి వైపు వెళ్లండి.

తెలుగు మాట్లాడతారా?

కొంచెం. యానాం పుదుచ్చేరి ప్రభుత్వం కిందే ఉంది కాబట్టి ఆఫీసుల్లో యానాం వాళ్లు కనిపిస్తారు, జిప్మర్ ఆసుపత్రికి మనవాళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటారు. హోటల్లో ఇంగ్లీషుతో నడిచిపోతుంది. తమిళంలో రెండు ముక్కలు వస్తే మొహాలు వెలిగిపోతాయి.

పెళ్లి కాని జంటకు గది ఇస్తారా?

ఇవ్వకూడదని చట్టమేమీ లేదు, ఇద్దరి గుర్తింపు కార్డులూ కావాలి. అయినా హోటలు సొంత నియమాలు వేరుగా ఉండొచ్చు, ముందే అడగండి.

మందు చౌక అంటారు, తెచ్చుకోవచ్చా?

హోటల్లో తాగేది మీ ఇష్టం. సరిహద్దు దాటితే తమిళనాడు, దారిలో తనిఖీలుంటాయి. కారులో సీసాలు పెట్టుకుని ఇబ్బంది పడకండి.

ఆశ్రమం, ఆరోవిల్ దగ్గరేనా?

అరవిందాశ్రమం వైట్ టౌన్‌లోనే, నడిచి వెళ్లొచ్చు. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మూసి ఉంటుంది, మూడేళ్ల లోపు పిల్లలను రానివ్వరు, ఫోన్ ఆపేయాలి. అరవిందుల సమాధి మీద పూలు పరిచే తీరు దగ్గరగా నిలబడి చూడండి. మణకుళ వినాయకుడి గుడి ఆ పక్కనే. ఆశ్రమం మదర్ మొదలుపెట్టిన ఊరు ఆరోవిల్ పది కిలోమీటర్ల పైన, ఆటో మాట్లాడుకోవాలి. అక్కడి ధ్యాన మందిరం మాతృమందిరం లోపలికి వెళ్లాలంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే దూరం నుంచి చూసి రావడమే.

ఆ పసుపు గోడల ముందు ఫొటోలు తీసుకోవచ్చా?

తీసుకోండి, కానీ అవి ఇప్పటికీ జనం కాపురముంటున్న ఇళ్లు. ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన మార్కెట్ సంచితో తన గుమ్మం ముందు నిలబడి, ఫొటో దిగుతున్న జంట పక్కకు జరుగుతారేమోనని చూస్తున్నారు. వాళ్లు చూడలేదు. ఆయన ఏమీ అనకుండా ఎండలో అలా నిలబడే ఉన్నారు. గేటుకు ఆనుకోకండి, మెట్ల మీద కూర్చోకండి, లోపలికి తొంగిచూడకండి. హోటలు ముంగిట్లో ఎన్నయినా తీసుకోవచ్చు. ఇంకో సంగతి, సున్నం గోడకు ఆనుకుంటే నల్ల చొక్కాకు తెల్లగా అంటుతుంది, దులిపితే పోతుంది.

ఎన్ని రోజులుంటే సరిపోతుంది?

రెండు రాత్రులు తక్కువ, మూడు సరిగ్గా సరిపోతాయి. ఆఖరి రోజు పదకొండింటికే గది ఖాళీ చేయమంటారు, తిరుగు ప్రయాణం సాయంత్రమనుకోండి. సామాను రిసెప్షన్‌లో పెట్టి, భారతి పార్కులో చెట్ల కింద ఆయీ మండపం దగ్గర ఆ మధ్యాహ్నం గడపొచ్చు. మేం పోయినసారి అలాగే చేసి నాలుగింటికి సామాను కోసం తిరిగి వెళ్తే, మేనేజరు వరండాలో మాకు టీ పెట్టించి ఉంచాడు, బిల్లులో రాయలేదు.